సన్నబద్దల చరిత్ర

(1985 పదో తరగతి బ్యాచ్)

మన బడిలో చదివిన ప్రతి ఒక్కరికీ ఒక బద్ద బాగా తెలుసు. అది స్కేలుబద్ద. గీతలు కొట్టుకోవడానికి మనకూ, అరచేతులు సరిచూడడానికి మాస్టార్లకూ పనికొచ్చేది. ఈ వ్యాసంలో నేను చెప్పబోయేవి దానికంటే సన్నని బద్దలు. మందం ఒకటి రెండు మిల్లీమీటర్లు, వెడల్పు నాలుగైదు మిల్లీమీటర్లు, పొడవు మూరెడో రెండు మూరలో. నమూనా ఓడలు, విమానాలు, వంతెనలు కట్టేవాళ్ళకు ఇవే ఇటుకలు, ఇవే దూలాలు.

నేను సివిల్ ఇంజనీరును. ముప్పయ్యేళ్ళుగా కాంక్రీటు, ఉక్కు మధ్య బతుకుతున్నాను. సెలవు రోజుల్లో మాత్రం చెక్కతో నమూనాలు కడతాను. ఈ పిచ్చి నాకు అంటింది మన బడి క్రాఫ్టు గదిలోనే. మా క్రాఫ్టు మాస్టారు ఏ చెక్కముక్క చేతికిచ్చినా ముందు ఒక ప్రశ్న అడిగేవారు: "ఇది ఏ చెట్టుదిరా? ఎక్కడ పెరిగింది?" తెలియదంటే తిట్టేవారు కాదు. వాసన చూడమనేవారు, గోటితో నొక్కి చూడమనేవారు, నీళ్ళలో వేసి చూడమనేవారు.

సంచికకు ఏదైనా రాయమని సంపాదకవర్గం అడిగినప్పుడు, జ్ఞాపకాలు నాకన్నా బాగా రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి, మాస్టారి ప్రశ్ననే తీసుకుని కాస్త చరిత్ర రాద్దామనిపించింది. నమూనాల చరిత్ర చదివినకొద్దీ నాకు కనిపించింది ఇది: నమూనా కట్టేవాడి నేర్పు సగమైతే, వాడి చుట్టూ ఏ కర్ర దొరికిందన్నది మిగతా సగం. దొరికిన కర్రే ఆ నమూనా ఎలా ఉండాలో నిర్ణయించింది. ఆ కర్ర దొరకడం ఆగిపోయిన రోజున విద్య కూడా చిక్కుల్లో పడింది.

ఓడల వాళ్ళు వెతుక్కున్న పండ్లచెట్లు

సన్నబద్దలతో పద్ధతిగా నమూనాలు కట్టడం పెద్ద ఎత్తున కనిపించేది 17వ శతాబ్దపు ఇంగ్లండులో. యుద్ధనౌకల నిర్మాణం చూసే నేవీ బోర్డు పేరుమీద ఆ నమూనాలను ఇప్పటికీ నేవీ బోర్డు మోడళ్ళంటారు. 1650ల తరువాత కట్టినవి చాలా మిగిలాయి. లండన్ దగ్గర గ్రీనిచ్‌లోని జాతీయ సముద్రయాన మ్యూజియంలోనూ, అమెరికాలో అన్నాపోలిస్ నావికా అకాడమీ మ్యూజియంలోనూ వాటిని భద్రంగా దాచారు. ఆ కార్యాలయంలో పనిచేసిన శామ్యూల్ పెపిస్ 1660లలో ఒక నమూనా ముందు పెట్టుకుని ఓడ భాగాల పేర్లు నేర్చుకున్నట్టు తన డైరీలో రాసుకున్నాడు. అంటే నమూనా అప్పట్లో అలంకారం మాత్రమే కాదు, పాఠ్యపుస్తకం కూడా.

వీటిలో చాలావాటి కొలత 1:48. అసలు ఓడలో ఒక అడుగు ఉన్నది నమూనాలో పావు అంగుళం అవుతుంది. ఓడకు మూడు అంగుళాల మందం పలక వేస్తే, నమూనాలో ఆ పలక మందం అంగుళంలో పదహారో వంతు, సుమారు 1.6 మిల్లీమీటర్లు. సన్నబద్ద అవసరం ఇక్కడే మొదలైంది.

అసలు ఓడలు ఓక్ చెక్కతో కట్టేవారు. మరి నమూనా కూడా ఓక్‌తోనే కడితే పోలేదా? పోదు. ఓక్ చెక్కలో నీటి నాళాలు కంటికి కనిపించేంత పెద్దవి. నమూనా కోసం పలకను 48 రెట్లు తగ్గించగలం కానీ చెక్కలోని రంధ్రాలను తగ్గించలేం. 1:48 నమూనాలో అర మిల్లీమీటరు గీత కనిపిస్తే, అసలు ఓడ పలకలో అంగుళం వెడల్పు పగులు ఉన్నట్టు లెక్క. అందుకని వాళ్ళు పియర్, అంటే మన బేరిపండు చెట్టు కర్రను, బాక్స్‌వుడ్ అనే నెమ్మదిగా పెరిగే పొదజాతి చెట్టు కర్రను ఎంచుకున్నారు. రెండిట్లోనూ పొరలు అతి సన్నం. ఎంత పల్చగా కోసినా అంచు నిలుస్తుంది, పెచ్చులు లేవవు.

అదే దేశంలో ఇంకో వంద, నూట యాభై ఏళ్ళ తరువాత కర్ర కొనుక్కునే తాహతు లేనివాళ్ళు నమూనాలు కట్టారు. నెపోలియన్ యుద్ధాల్లో పట్టుబడిన ఫ్రెంచి ఖైదీలను పీటర్‌బరో దగ్గర నార్మన్ క్రాస్ శిబిరంలో ఉంచారు. 1797 నుంచి 1814 దాకా ఆ శిబిరం నడిచింది. ఖైదీలు వంటశాలలో మిగిలిన మాంసపు ఎముకలను ఉడకబెట్టి, శుభ్రం చేసి, సన్నని బద్దలుగా కోసి యుద్ధనౌకల నమూనాలు కట్టారు. శిబిరం గేటు దగ్గర సంతలో వాటిని అమ్ముకున్నారు. పీటర్‌బరో మ్యూజియంలో వాళ్ళ చేతిపని పెద్ద సేకరణగా ఉంది. బద్దకు కర్రే కావాలన్న నియమం కూడా లేదన్నమాట. దగ్గరున్న వస్తువు గుణం తెలిసి, దాన్ని కోసే ఓపిక ఉంటే చాలు.

గాలిలోకి లేచిన బద్ద

ఓడ నమూనాకు బరువుతో పేచీ లేదు. గాలిలో ఎగరాల్సిన నమూనాకు అంతా బరువుతోనే పేచీ.

1871 ఆగస్టు 18న పారిస్‌లోని ట్వీలరీ తోటలో అల్ఫోన్స్ పెనో అనే యువకుడు మెలితిప్పిన రబ్బరుతో తిరిగే చిన్న విమాన నమూనాను ఎగరేశాడు. అది 11 సెకన్లు నిలకడగా ఎగిరింది. తోక రెక్కతో విమానానికి నిలకడ వస్తుందని నలుగురి ముందు రుజువు చేసిన నమూనా అది. పెనో రబ్బరు బొమ్మల్లాంటిదే ఒకటి 1878లో అమెరికాలో ఒక ఇంటికి చేరింది. తండ్రి ఊరి నుంచి వస్తూ ఇద్దరు కొడుకులకు తెచ్చిన ఆ బొమ్మలో వెదురు, బెండు, కాగితం, రబ్బరు తప్ప ఏమీ లేవు. పిల్లల పేర్లు విల్బర్ రైట్, ఆర్విల్ రైట్. బొమ్మ విరిగేదాకా ఆడి, తరువాత సొంతంగా చేసుకున్నారు. ఇంకా పెద్దవి చేయబోతే అవి సరిగా ఎగరలేదు.

ఎందుకు ఎగరలేదో మన ఎనిమిదో తరగతి లెక్కల్లోనే ఉంది. కొలతను రెండింతలు చేస్తే రెక్క వైశాల్యం నాలుగింతలవుతుంది, బరువు ఎనిమిదింతలవుతుంది. ఎగిరే నమూనా కట్టేవాడికి ప్రతి గ్రామూ శత్రువే. మొదట్లో వాళ్ళు వెదురు పేళ్ళు, స్ప్రూస్ బద్దలు, పట్టుగుడ్డ, పల్చటి కాగితాలతో నెట్టుకొచ్చారు. 1920లకు వచ్చేసరికి ఇంకో కర్ర వాళ్ళ చేతికి అందింది. అది బాల్సా.

బూరుగు చుట్టం

బాల్సా మధ్య, దక్షిణ అమెరికా అడవుల చెట్టు. ప్రపంచానికి వాణిజ్యపరంగా అందే బాల్సాలో అత్యధిక భాగం ఈక్వడార్ నుంచే వస్తుంది. స్పానిష్ భాషలో బాల్సా అంటే తెప్ప. ఆ తీరపు జనం ఈ దుంగలతో తెప్పలు కట్టేవారు కాబట్టి ఆ పేరు స్థిరపడింది. 1947లో థార్ హెయర్‌డాల్ తొమ్మిది బాల్సా దుంగల తెప్ప మీద పెరూ నుంచి పసిఫిక్ దీవుల దాకా 101 రోజులు ప్రయాణం చేసి దాన్ని మళ్ళీ లోకానికి గుర్తుచేశాడు.

బాల్సా మన బూరుగుకు దగ్గర చుట్టం. కాయ పగిలితే లోపల దూదే. చెట్టు ఎదిగే వేగం చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఐదారేళ్ళలో నరకడానికి వస్తుంది. అంతకంటే చాలాకాలం ఉంచితే లోపల గట్టిపడి, చేవ దెబ్బతిని విలువ పడిపోతుంది. మనకు టేకు ముదిరేకొద్దీ విలువ, బాల్సాకు లేతగా ఉన్నప్పుడే విలువ. అప్పుడే నరికిన దుంగలో సగానికి పైగా నీరే ఉంటుంది. వెంటనే కోసి పొయ్యి గదుల్లో ఆరబెట్టకపోతే కుళ్ళిపోతుంది. ఆరాక మిగిలేది ఘనమీటరుకు సగటున 160 కిలోల కర్ర. టేకు సుమారు 650 కిలోలుంటుంది. తెలుగులో దీనికి పేరు పెట్టాల్సి వస్తే నేను 'బెండు కర్ర' అంటాను.

ఒకే చెట్టులోనూ, ఒకే తోటలోనూ బాల్సా బరువు ఒకేలా ఉండదు. అందుకని ఈ పని తెలిసినవాళ్ళు బాల్సాను కళ్ళతో కాదు, తక్కెడతో కొంటారు. 36 అంగుళాల పొడవు, 3 అంగుళాల వెడల్పు, పదహారో వంతు అంగుళం మందం ఉన్న పలక ఘనపరిమాణం సుమారు 110 ఘన సెంటీమీటర్లు. అది 11 గ్రాములు తూగితే ఘనమీటరుకు 100 కిలోల రకం, రెక్కల పక్కటెముకలకు మంచిది. 22 గ్రాములు తూగితే 200 కిలోల రకం, పొడవాటి వెన్నుబద్దలకు పనికొస్తుంది. దుకాణంలో రెండూ ఒకే ధర, ఒకే తెలుపు.

యుద్ధం ఎత్తుకుపోయిన కర్ర

పిల్లల బొమ్మలకు వాడే కర్ర రెండో ప్రపంచయుద్ధంలో ఆయుధ సామగ్రి అయింది. బ్రిటన్‌లో డి హావిలాండ్ కంపెనీ చెక్కతో ఒక వేగవంతమైన బాంబర్ తయారుచేసింది. దాని పేరు మస్కిటో, అంటే దోమ. 1940 నవంబరు 25న మొదటిసారి ఎగిరింది. శరీరాన్ని నిలువుగా రెండు దొప్పలుగా చేసి అతికించేవారు. ఒక్కో దొప్పలో బయటా లోపలా బర్చ్ ప్లైవుడ్, మధ్యలో ఈక్వడార్ బాల్సా. అల్యూమినియం కరువైన రోజుల్లో కుర్చీలు, బల్లలు చేసే కర్మాగారాలు కూడా ఈ విమానాల భాగాలు చేయగలిగాయి. మొత్తం 7,781 మస్కిటోలు తయారయ్యాయి.

పల్చటి గట్టి పొరలు రెండు, మధ్యలో తేలికైన గుజ్జు. మా ఇంజనీర్లు దీన్ని శాండ్‌విచ్ నిర్మాణం అంటారు. గట్టి పొరలు లాగుడునూ నొక్కుడునూ భరిస్తే, మధ్యలోది వాటిని దూరంగా నిలబెడుతుంది. జొన్న దంటును చూస్తే ఇదే సూత్రం. పైన గట్టి తొడుగు, లోపల బెండు. అందుకే అంత సన్నని దంటు అంత పెద్ద కంకిని మోస్తుంది.

బాల్సా అంతా యుద్ధానికి పోవడంతో నమూనాల వాళ్ళకు అందకుండా పోయింది. బాస్‌వుడ్, పైన్, అట్టముక్కలతో సర్దుకున్నారు. అదే సమయంలో, 1942లో, అమెరికా నావికాదళం దేశంలోని ఉన్నత పాఠశాలల వర్క్‌షాపులను ఒక పని అడిగింది. శత్రు విమానమేదో, స్వపక్ష విమానమేదో ఆకారం చూసి గుర్తుపట్టడం సైనికులకు నేర్పడానికి ఐదు లక్షల నమూనాలు కావాలి. యాభై రకాలు, ఒక్కోటి పదివేలు. కొలత 1:72, అంటే ఆరు అడుగులకు ఒక అంగుళం. పిల్లలు దొరికిన చెక్కతో చెక్కి ఇచ్చారు. కొలత తప్పినవాటిని తీసుకునేవారు కాదు. బడిలో వడ్రంగం గది ఉండడం ఒక దేశానికి ఎంత అక్కరకొచ్చిందో చెప్పడానికి ఇంతకన్నా పెద్ద ఉదాహరణ నాకు తెలియదు.

బాల్సాకు మళ్ళీ అలాంటి కరువు మన కళ్ళముందే వచ్చింది. గాలిమరల రెక్కల లోపల కూడా ఇదే శాండ్‌విచ్ సూత్రం. ఫైబర్‌గ్లాసు పొరల మధ్య బాల్సా. 2019, 2020లలో గాలిమరలు ఒక్కసారిగా పెరగడంతో ధర ఆకాశానికంటింది. తోటల్లోది చాలక ఈక్వడార్ అమెజాన్ నదుల్లోని లంకల మీద, ఆదివాసుల నేలల్లో అక్రమంగా నరికారు. తరువాత చాలా రెక్కల్లో ప్లాస్టిక్ నురగ బాల్సా స్థానాన్ని తీసుకుంది. గాలితో కరెంటు మంచిదే. దాని లోపల ఏ అడవి ఉందో అడగాల్సిన బాధ్యత మాత్రం మనదే.

కోత లెక్క

ఇక కోత సంగతి. సన్నబద్దలు కోయడంలో మొదటి శత్రువు రంపమే. రంపం తన మందమంత చెక్కను ప్రతి కోతకూ పొట్టు చేస్తుంది. దాన్ని నేను రంపం కూలి అంటాను. 25 మిల్లీమీటర్ల చెక్కలోంచి 1.5 మిల్లీమీటర్ల బద్దలు తీయాలనుకోండి. సామిల్లులో 3 మిల్లీమీటర్లు తినే గుండ్రటి రంపం పెడితే ఆరు బద్దలొస్తాయి. మూడింట రెండు వంతులకు దగ్గరగా పొట్టైపోతుంది. అర మిల్లీమీటరు మాత్రమే తినే సన్నపన్ను రంపం పెడితే పన్నెండొస్తాయి. కత్తితో చీల్చగలిగే మెత్త కర్ర అయితే పదహారూ వస్తాయి. బాల్సా, వెదురు లాంటివి నమూనాల వాళ్ళకు ఎందుకంత ఇష్టమో ఈ లెక్కలోనే ఉంది. వాటికి కూలి ఇవ్వక్కర్లేదు.

రెండో సంగతి నార వాటం. దుంగను ఏ వైపు నుంచి కోశామన్నదాన్నిబట్టి పలక గుణం మారిపోతుంది. దుంగ నడిమి నుంచి బెరడు వైపుగా కోసిన పలక మచ్చమచ్చలుగా కనిపిస్తుంది. అది అడ్డంగా వంగదు, వంచితే విరుగుతుంది. పక్కటెముకలకు అదే కావాలి. వలయాలను ఒరుసుకుంటూ కోసిన పలక గొట్టంలా చుట్టుకుంటుంది. గుండ్రటి భాగాల మీద తొడుగు వేయడానికి అది కావాలి. ఇవి తెలియకుండా కొన్నవాడు ఎంత మంచి జిగురు వాడినా నమూనా మెలిక తిరుగుతుంది.

మూడోది, బద్ద తీసే పద్ధతి. మెత్త కర్రకు ఉక్కు స్కేలు, కొత్త బ్లేడు చాలు. ఒకేసారి బలంగా కోయకూడదు. తేలికగా మూడు నాలుగు సార్లు గీయాలి. లేకపోతే బ్లేడు నార వెంట పక్కకు పోతుంది. గట్టి కర్రకు రంపం తప్పదు. ముందు పలక అంచును చిత్రిక పట్టి నున్నగా చేయాలి, బద్ద తీయాలి, మళ్ళీ చిత్రిక పట్టాలి. యంత్రం మీద కోసేటప్పుడు తెగిన బద్ద రంపానికీ ఆనుడు చెక్కకూ మధ్య ఇరుక్కోకూడదు. ఇరుక్కుంటే బాణంలా వెనక్కి దూసుకొస్తుంది. బద్ద ఎప్పుడూ ఖాళీ వైపు పడేలా చూసుకోవాలి. వేళ్ళు రంపం దగ్గరికి పోనివ్వకుండా తోపుడు కర్ర వాడాలి. కోసిన బద్దలను మన కోస్తా తేమలో గోడకు నిలబెడితే వారంలో విల్లులవుతాయి. కట్టగట్టి, బల్లపరుపు చోట పడుకోబెట్టి, పైన బరువు పెట్టాలి.

మన కొండల మీద ఉన్నదేమిటి?

ఈక్వడార్ కథ చెప్పి ఊరుకుంటే మాస్టారి ప్రశ్నకు సగమే జవాబు. మన నేలలో ఏముంది?

పల్లెల నుంచి వచ్చిన మన పాత విద్యార్థులు నవ్వుకుంటారేమో కానీ, తెలుగు పిల్లల మొదటి నమూనా సామగ్రి జొన్న దంటే. పై తొడుగును చీల్చి పుల్లలు తీసి, లోపలి బెండును ముక్కలు చేసి, ఆ పుల్లలనే మేకులుగా గుచ్చి ఎడ్లబండ్లు కట్టేవారు. జిగురు లేదు, ఖర్చు లేదు. జీలుగు బెండుతో పెళ్ళి బాసికాలు చేసే చేతులు ఇంకా ఉన్నాయి. గాలిపటం కట్టడానికి వెదురుబద్దను రెండు వైపులా ఒకే బరువుండేలా కత్తితో గీకే పిల్లవాడు, విమాన నమూనాలో రెక్క సమతూకం చూసే మనిషి చేసే పనే చేస్తున్నాడు.

కర్ర విషయానికొస్తే మనకు రెండు గొప్ప సంప్రదాయాలున్నాయి. రెండింటి వెనకా ఒక్కో చెట్టు ఉంది. ఏటికొప్పాక లక్క బొమ్మలకు అంకుడు కర్ర. తెల్లగా, సన్నని పొరలతో, లేత్ మీద నున్నగా తెగుతుంది. ఇంగ్లండు ఓడల వాళ్ళు బాక్స్‌వుడ్‌లో వెతుక్కున్న గుణం దీనిలో ఉంది. కొండపల్లి బొమ్మలకు తెల్ల పొణికి. నిర్మల్ బొమ్మలకు కూడా పొణికే. మన దేశంలో దొరికే బాగా తేలికైన కలపల్లో అది ఒకటి. కొండపల్లి కళాకారులు దాన్ని ఆరబెట్టి, సన్నని సెగ మీద తేమ పోగొట్టి, బొమ్మ అవయవాలను విడివిడిగా చెక్కి అతికిస్తారు. కర్ర పొట్టు, చింతగింజల జిగురు కలిపిన ముద్దతో అతుకులు పూడుస్తారు. తరువాత సున్నం పూత, రంగులు. తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడు, ఏనుగు అంబారీ, ఎడ్లబండి అన్నీ ఇలా వచ్చినవే.

కొండపల్లిలో ఒక ఇంటి ముంగిట మిగిలిపోయిన పొణికి ముక్కలు అడిగి తెచ్చుకుని నేను బద్దలు కోసి చూశాను. బాల్సా అంత తేలిక కాదు. కానీ బ్లేడుకు శుభ్రంగా తెగింది, జిగురు బాగా పట్టింది, సన్నగా కోసినా పెళుసుగా విరగలేదు. ఆ బద్దలతో రాజమండ్రి దగ్గర గోదావరి మీది పాత హేవ్‌లాక్ వంతెనలో ఒక ఖానా కట్టాను. 1900లో రైళ్ళకు తెరిచి 1997లో విశ్రాంతి ఇచ్చిన ఆ వంతెనకు 56 ఖానాలు, ఒక్కోటి 150 అడుగులు. 1:100 కొలతలో ఒక ఖానా 46 సెంటీమీటర్లకు కాస్త తక్కువ, సరిగ్గా మూరెడు. ఉక్కు గర్డరును కర్రలో కట్టడం వింతగా ఉండొచ్చు. కానీ ఏ బద్ద లాగుడులో ఉంది, ఏది నొక్కుడులో ఉంది అన్నది కాగితం మీద లెక్క వేసినప్పటి కంటే వేలితో నొక్కి చూసినప్పుడు బాగా తెలుస్తుంది. మా ఆఫీసుకు కొత్తగా వచ్చే కుర్ర ఇంజనీర్లకు ఆ మూరెడు వంతెనే చూపిస్తాను.

చిక్కల్లా ఏమిటంటే, పొణికి బాల్సా కాదు. ఐదారేళ్ళలో చేతికి రాదు. పొడి కొండల మీద నెమ్మదిగా ఎదిగే చెట్టు. గింజ పెంకు గట్టిది, మొలక సులువుగా రాదు. బొమ్మలకు గిరాకీ ఉన్నా కర్ర కోసం ఇంకా ఇంకా దూరం వెళ్ళాల్సి వస్తోందని అక్కడి పెద్దాయన ఒకరు నాతో అన్నారు. "బొమ్మ చెయ్యడం మా పిల్లలకు నేర్పగలం బాబూ, చెట్టును ఎలా నేర్పుతాం?" అన్న ఆయన మాట నాకు గుర్తుండిపోయింది. ఈక్వడార్‌లో బాల్సాకు తోటలున్నాయి, కంపెనీలున్నాయి, ఎగుమతి మార్కెట్టుంది. పొణికికి ఉన్నది కొన్ని కుటుంబాల చేతులు, కొన్ని కొండలు. అవి పోతే మన ప్రాంతపు బెండు కర్ర పేరు నిఘంటువులోనే మిగులుతుంది.

ఇంకో వనరు మన ఊళ్ళలోనే ఉంది, దాన్ని రోజూ పారేస్తున్నాం. పాత ఇళ్ళు పడగొట్టి అపార్ట్‌మెంట్లు కడుతున్న చోట కిటికీ రెక్కలు, విరిగిన మంచంకోళ్ళు, దూలాల ముక్కలు పొయ్యిలోకి పోతున్నాయి. వాటిలో డెబ్భై ఎనభై ఏళ్ళు ఆరిన టేకు ఉంటుంది. ఇక వంకర తిరిగేది లేదు. పొరలు కాస్త ముతక కాబట్టి చిన్న కొలతల ఓడలకు పనికిరాదు కానీ, 1:20 కొలతలో మండువా ఇల్లు కట్టాలంటే దానికి మించింది లేదు. అడితికి వెళ్ళే ముందు పడగొడుతున్న ఇంటి దగ్గర ఆగమని నా సలహా.

క్రాఫ్టు గది సంగతి

బడిలో చేతిపని ఉండాలన్న మాట మన దేశంలో కొత్తది కాదు. 1937లో వార్ధాలో గాంధీజీ ప్రతిపాదించిన ప్రాథమిక విద్యకు చేతివృత్తే కేంద్రం. 1964-66 నాటి కొఠారీ కమిషన్ పని అనుభవం చదువులో భాగం కావాలంది. 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ దానికి ఎస్.యు.పి.డబ్ల్యు. అన్న పొడవాటి పేరు పెట్టింది. మా బ్యాచ్ ఆ పేరుతోనే మార్కులు తెచ్చుకుంది. పేర్లు మారుతూ వచ్చాయి, పీరియడ్లు తగ్గుతూ వచ్చాయి. మన బడిలో క్రాఫ్టు మాస్టారు రిటైరయ్యాక ఆ స్థానంలో ఎవరూ రాలేదు. గది విరిగిన బెంచీలకు గోడౌనయింది. విడ్డూరమేమిటంటే ఆ బెంచీలు కూడా మంచి కర్రే.

ఇప్పుడు లేజరు యంత్రాలు వచ్చాయి. కంప్యూటర్లో గీసిన గీతను వెంట్రుక మందం తేడా లేకుండా కోసి ఇస్తాయి. నేనూ వాడతాను. కానీ ఆ యంత్రానికి నార వాటం తెలియదు. ఏ పలక ఎటు తిప్పి పెట్టాలో పెట్టేవాడికి తెలియాలి. ఆ తెలివి చెక్కను గోటితో నొక్కి చూసిన చేతికే వస్తుంది. ఇంజనీరింగు కాలేజీల్లో ఐస్‌క్రీం పుల్లల వంతెన పోటీలకు నన్ను న్యాయనిర్ణేతగా పిలుస్తుంటారు. డిజైను అద్భుతంగా ఉంటుంది. పుల్ల పగులును గమనించకుండా అంటించిన చోట వంతెన విరుగుతుంది.

అందుకని ఈ స్వర్ణోత్సవ సందర్భంగా మన సంఘం ముందు మూడు విన్నపాలు పెడుతున్నాను. మొదటిది, ఆ గది ఖాళీ చేయించి నాలుగు బల్లలు, పది జతల చేతి పనిముట్లు పెడదాం. శనివారాలు వచ్చి నేర్పడానికి నేను సిద్ధం. ఊళ్ళో ఉన్న మన వడ్రంగి మిత్రులు నాకంటే బాగా నేర్పుతారు, వాళ్ళకు గౌరవవేతనం ఇద్దాం. రెండోది, ప్రతి బ్యాచ్ ఒక్కో పాత తలుపు రెక్కో, దూలం ముక్కో తెచ్చి ఇద్దాం. మన ఇళ్ళ కర్రతోనే మన పిల్లలు పని నేర్చుకుంటారు. మూడోది, ప్రహరీ వెంట ఎత్తుగా, నీరు నిలవని చోట పొణికి, అంకుడు మొక్కలు వేద్దాం. ఓ మూల వెదురు వేద్దాం. వెదురు నాలుగైదేళ్ళలో చేతికొస్తుంది. పొణికి మాత్రం మనలో చాలామందిమి రిటైరయ్యాక, బహుశా సంఘం వజ్రోత్సవం నాటికి, కోతకు రావచ్చు.

మొక్కల బాధ్యత ఒక తరగతికి అప్పగిస్తామని ప్రధానోపాధ్యాయులు మాట ఇస్తే, మొక్కలు సంపాదించి తెచ్చే బాధ్యత మా 1985 బ్యాచ్‌ది. వానాకాలం మొదలయ్యేలోగా గుంటలు తవ్వితే బాగుంటుంది.